బల్గేరియాలో ఉన్న అమ్మాయిని చూసి రావడానికి చిట్టీ పాడాలా?

గుంటూరు నుంచి ఒక ఉపాధ్యాయురాలు రాసిన ఉత్తరం ఇది. వాళ్ల అమ్మాయి బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ నగరంలో మెడిసిన్ నాలుగో ఏడాది చదువుతోంది. మొన్న సెలవులకు ఇంటికి వచ్చి వెళ్లింది. ఈ దసరా సెలవుల్లో తానూ భర్తా 12 రోజులు అక్కడికి వెళ్లి రావాలని ఆమె కోరిక. ట్రావెల్ ఏజెంటు ఇద్దరికీ కలిపి 5.40 లక్షలు అడిగాడు. బ్యాంకులో 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, పొదుపు ఖాతాలో లక్షన్నర ఉన్నాయి. 5 లక్షల చిట్టీలో 25 నెలలకు 17 వాయిదాలు కట్టారు, ఇంకా పాడలేదు. డిపాజిట్ తీయాలా, చిట్టీ పాడాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా అని అడిగారు. అమ్మాయి ఇంట్లో వదిలి వెళ్లిన 740 లెవాల (బల్గేరియా పాత కరెన్సీ) నోట్లు చెల్లుతాయా, డాలర్లు తీసుకెళ్తే మంచిదా అన్నవి మిగతా ప్రశ్నలు.

మేడం, మీరు తప్పకుండా వెళ్లండి. పిల్ల ఆరేళ్లు గడిపే ఊరు ఎలా ఉంటుందో, ఏ గదిలో పడుకుంటోందో, ఏం తింటోందో కళ్లారా చూడాలనుకోవడం దుబారా కాదు. కానీ ఈ దసరాకు వద్దు. వచ్చే మే నెలాఖరున వెళ్లండి. అలా వెళ్తే మీరు అడిగిన మూడు దారుల్లో ఒక్కటీ తొక్కాల్సిన పని ఉండదు.

ముందు చిట్టీ సంగతి. ఈ దశలో పాట 80 వేల దాకా పోతోందని రాశారు. అంటే ఇప్పుడు పాడితే చేతికి 4.20 లక్షలు వస్తాయి. ఏప్రిల్‌లో చివరి నెల దాకా ఆగితే, కంపెనీ కమీషన్ 5 శాతం పోను 4.75 లక్షలు వస్తాయి. డివిడెండు ఎలాగూ రెండు సందర్భాల్లోనూ వస్తుంది కాబట్టి తేడా 55 వేలు. ఏడు నెలల ముందు డబ్బు తీసుకున్నందుకు మీరు కడుతున్న ధర అది. వడ్డీగా లెక్కేస్తే ఏడాదికి 22 శాతం దగ్గర తేలుతుంది. పైగా ఇప్పుడు పాడితే మిగిలిన వాయిదాలకు జామీనుదారులను తేవాలి. తోటి టీచర్ల ముందు సంతకాల కోసం నిలబడాలి. చివరి నెలలో ఆ బాధ ఉండదు. పర్సనల్ లోన్ అయితే 5.40 లక్షలకు 14 శాతం చొప్పున మూడేళ్లలో వడ్డీయే సుమారు 1.24 లక్షలు అవుతుంది. దాని గురించి ఇక ఆలోచించకండి.

డిపాజిట్‌ను మాత్రం అస్సలు ముట్టుకోవద్దు. అమ్మాయి చదువు ముగించి వచ్చాక, విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లు ఇక్కడ వైద్యం చేయడానికి పాసవ్వాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష రాయాలి, ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ రోజుల్లో ఆమెకు చెప్పుకోదగ్గ సంపాదన ఉండకపోవచ్చు, ఎడ్యుకేషన్ లోన్ వాయిదాలు మాత్రం తలుపు తడుతుంటాయి. ఆ నాలుగు లక్షలు అప్పటివి. విదేశాల్లో మెడిసిన్ చదివే పిల్లల తల్లిదండ్రులు ఆరేళ్ల ఫీజు గురించి ఆలోచించినంతగా ఆ తర్వాతి ఏడాది గురించి ఆలోచించరు. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో నాకు ఎక్కువ దిగులు కలిగించేది ఇదే.

ఇక మే నెల ఎందుకంటే, అప్పటికి మీ చిట్టీ ముగిసి ఆ 4.75 లక్షలు చేతికి వస్తాయి. మీ స్కూలుకు మామూలుగా జూన్ 11 దాకా వేసవి సెలవులు ఉంటాయి. అక్కడ జులై, ఆగస్టుల్లో నల్ల సముద్రం ఒడ్డున వర్ణా, బుర్గాస్ వైపు గది అద్దెలు బాగా పెరుగుతాయి, మే చివర్లో ఇంకా పెరగవు. అన్నిటికంటే ముఖ్యం, అది గులాబీల కాలం. ప్లోవ్‌దివ్‌కు ఉత్తరాన కజన్‌లక్ చుట్టూ ఉన్న లోయలో మే, జూన్ మొదట్లో తెల్లవారుజామునే పూలు కోస్తారు. జూన్ మొదటి శని, ఆదివారాల్లో కజన్‌లక్‌లో గులాబీల పండుగ జరుగుతుంది. అమ్మాయికి అప్పుడు పరీక్షలు దగ్గర పడతాయి కాబట్టి రోజంతా మీతో తిరగలేదు. సాయంత్రాలు, శని ఆదివారాలు ఆమెతో గడపండి, మిగతా రోజుల్లో మీరిద్దరే తిరగండి.

ఏజెంటు చెప్పిన 5.40 లక్షలతో పోల్చడానికి నేనొక లెక్క వేశాను. యూరోను 110 రూపాయలుగా పట్టుకున్నాను. హైదరాబాద్ నుంచి బల్గేరియా రాజధాని సోఫియాకు నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా లాంటి చోట మారాలి. ఇద్దరి టికెట్లకు లక్షన్నర పక్కన పెట్టండి. వీసా రుసుము పెద్దవాళ్లకు 90 యూరోలు. దానితో పాటు సర్వీస్ ఛార్జీ, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఇద్దరికీ 30 వేలు అనుకుందాం. అక్కడ 11 రాత్రుల బసకు రాత్రికి 55 యూరోలు, ఇద్దరి తిండికి రోజుకు 30, బస్సులు, మ్యూజియం టికెట్లు వగైరాకు మొత్తం 300. ఇవన్నీ 1,265 యూరోలు, అంటే 1.39 లక్షలు. ఫోను, చిన్న చిన్న కానుకలకు 20 వేలు. మొత్తం 3.39 లక్షలు. అనుకోని ఖర్చుకు మరో 40 వేలు కలిపినా 3.80 లక్షలు దాటదు. ప్యాకేజీకీ దీనికీ తేడా లక్షా అరవై వేలు. ఆ ఊళ్లో మూడేళ్లకు పైగా ఉంటున్న మనిషి మీ ఇంట్లోనే ఉండగా, దారి చూపించడానికి అంత డబ్బు ఇంకొకరికి ఎందుకివ్వాలి?

ప్యాకేజీ ధరలో టీసీఎస్ అని ఒక పన్ను కలిపి ఉంటుంది. అది ఖర్చు కాదు. మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. సొంతంగా వెళ్లేవాళ్లు ఫారెక్స్ కార్డులో (ముందే విదేశీ కరెన్సీ నింపుకుని వెళ్లే కార్డు) వేసుకునే డబ్బుకు, ఏడాదిలో ఒక పాన్ మీద విదేశాలకు పంపిన మొత్తం 10 లక్షలు దాటేవరకు టీసీఎస్ ఉండదు. అమ్మాయి ఖర్చులకు ప్రతి నెలా డబ్బు మీ ఆయన ఖాతా నుంచి వెళ్తోందని రాశారు. అది కూడా ఆయన 10 లక్షల లెక్కలోకే వస్తుంది. అందుకే ప్రయాణానికి ఫారెక్స్ కార్డు మీ పేరు మీద, మీ పాన్ మీద తీసుకోండి.

ఇప్పుడు వీసా. బల్గేరియా 2024 మార్చి 31 నుంచి విమానాశ్రయాల్లో, 2025 జనవరి 1 నుంచి భూ సరిహద్దుల్లోనూ షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో, భాగమైంది. కాబట్టి మీకు కావలసింది షెంజెన్ వీసానే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. మీరు మార్చి మొదటి వారంలో పెట్టండి. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, ఒక్కోసారి 45 రోజులు కూడా పట్టవచ్చు. వీసా చేతికి రాకముందు, డబ్బు తిరిగి రాని టికెట్లు కొనకండి. రిజర్వేషన్ కాగితం చాలు. బంధువుల దగ్గర రెండు లక్షలు తెచ్చి ఖాతాలో చూపించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. నెలల తరబడి లక్షన్నర ఉన్న ఖాతాలో హఠాత్తుగా పెద్ద మొత్తం కనబడితే అనుమానం వచ్చేది అక్కడే. మీ ఇద్దరి జీతం స్లిప్పులు, రిటర్నులు, సెలవు మంజూరు లేఖ, ఆ డిపాజిట్ రసీదు, ఇవి నిజాయితీగా పెట్టండి. డిపాజిట్‌ను తీయకుండా ఉంచినందుకు ఇక్కడ కూడా లాభమే.

ఇన్సూరెన్స్ కనీసం 30 వేల యూరోలకు ఉండాలన్నది వీసా నిబంధన. మీ ఆయనకు షుగర్ ఉందని రాశారు. దరఖాస్తులో ఆ సంగతి దాచకండి. ప్రీమియం కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి. దాచి కొన్న పాలసీ ఆసుపత్రి బిల్లు వచ్చిన రోజు చిత్తుకాగితమే.

డాలర్లు ఎక్కడైనా చెల్లుతాయన్న మీ తోడికోడలి సలహా పాతకాలం నాటిది. రూపాయలను డాలర్లుగా, డాలర్లను యూరోలుగా మారిస్తే రెండుసార్లు నష్టం. 2026 జనవరి 1 నుంచి బల్గేరియా కరెన్సీ యూరోనే. ఇక్కడే యూరోలు తీసుకోండి. 300 యూరోలు నోట్లుగా, అందులో ఎక్కువ చిన్నవే ఉండేలా చూసుకోండి. మిగతాది ఫారెక్స్ కార్డులో ఉంచండి. ఊళ్లలో కార్డు దాదాపు అన్నిచోట్లా తీసుకుంటారు. సంతలో, పల్లెల్లో, చిన్న బస్సుల్లో, డబ్బులు తీసుకునే టాయిలెట్ల దగ్గర చిల్లర కావాలి. ఒక క్రెడిట్ కార్డు అత్యవసరానికి పెట్టుకోండి కానీ రోజువారీ ఖర్చుకు వాడకండి. విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు రుసుము (మార్కప్) 3.5 శాతం ఉండే కార్డు మీద లక్ష గీకితే జీఎస్టీతో కలిపి 4,130 రూపాయలు ఊరికే పోతాయి.

కార్డు గీకినప్పుడు మిషను తెర మీద రూపాయల్లోనా, యూరోల్లోనా అని అడుగుతుంది. ఎప్పుడూ యూరోలే నొక్కండి. ఒక విదేశీ ప్రయాణంలో హోటల్ కౌంటర్‌లో ఉన్నాయన నాకు మేలు చేస్తున్నట్టుగా తానే రూపాయల బటన్ నొక్కేశాడు. ఇంటికొచ్చి స్టేట్‌మెంట్ చూసుకుంటే ఆ ఒక్క నొక్కుకు బిల్లు మీద ఐదు శాతం ఎక్కువ పడింది. అప్పటి నుంచి మిషను నా చేతికి ఇవ్వమని అడుగుతాను. ఏటీఎంలు కూడా ఇదే ప్రశ్న వేస్తాయి, అక్కడా మార్పిడి వద్దనే చెప్పండి.

ఇంకొక్క విషయం, ఇది డబ్బుకు సంబంధించినదే. బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే అవునని, పైకి ఎత్తితే కాదని అర్థం. మనం సరేనన్నప్పుడు తల పక్కకి ఊపుతాం కదా, కొంచెం అలాంటిదే. విదేశీయులతో మాట్లాడేటప్పుడు కొందరు ఎదుటివాళ్ల పద్ధతికి మార్చుకుంటారు కూడా, దాంతో గందరగోళం రెట్టింపు అవుతుంది. టాక్సీ ధర దగ్గర తల మీద ఆధారపడకుండా ‘దా’ అంటే అవును, ‘నే’ అంటే కాదు అని గుర్తుపెట్టుకుని నోటితో తేల్చుకోండి. టాక్సీ ఎక్కేముందు అద్దం మీద అంటించిన కిలోమీటరు ధర చూడండి. పేరున్న కంపెనీ రంగులు, అక్షరాలు పోలి ఉండే బండ్లు ఎక్కువ ధర పెట్టుకుని తిరుగుతుంటాయి. అసలు సోఫియా విమానాశ్రయం రెండో టెర్మినల్ నుంచి మెట్రో ఉంది. టికెట్ లెవాలు ఉన్న రోజుల్లో 1.60, అంటే 80 సెంట్ల చిల్లర. సెర్దికా దగ్గర మారితే సెంట్రల్ రైల్వే స్టేషన్, దాని పక్కనే బస్ స్టేషన్. అక్కడి నుంచి ప్లోవ్‌దివ్‌కు బస్సులో సుమారు రెండు గంటలు.

బస ఎక్కువ రాత్రులు ప్లోవ్‌దివ్‌లోనే పెట్టుకోండి. వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే అమ్మాయికి వారం రోజులు మీ చేతి వంట తినిపించవచ్చు. ఈ ఖర్చు లెక్కలో నాకు బాగా నచ్చిన భాగం అదే. మీ ఆయన శాకాహారి కదా, పెరుగుకు పేరుమోసిన దేశం అది. పెరుగును తోడుపెట్టే ఒక సూక్ష్మజీవికి ఆ దేశం పేరే పెట్టారు. పెరుగులో దోసకాయ, వెల్లుల్లి కలిపిన తారాతోర్ మన పెరుగు పచ్చడికి దగ్గరగా ఉంటుంది. కాల్చిన మిరప, టమాటాలతో చేసే ల్యూతెనిత్సను అన్నంలో కలుపుకోవచ్చు.

రోమన్ల నాటి రంగస్థలం ఊరి నడిబొడ్డునే ఉంది. సోఫియా నుంచి 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న రిలా మఠం ఆవరణలోకి వెళ్లడానికి టికెట్ లేదు, లోపలి మ్యూజియానికి మాత్రం ఉంది. దానికి ఒక రోజు కేటాయించండి. గులాబీ నూనె విషయంలో జాగ్రత్త. ఒక కిలో నూనెకు మూడు టన్నులకు పైగా పూలరేకులు కావాలి. రెండు యూరోల సీసాలో అసలు నూనె ఉండదు. బంధువులందరికీ సబ్బులు కొనండి, నూనె కొనాలనుకుంటే ఒక్క చిన్న సీసా మంచి దుకాణంలో కొనండి.

చివరిగా ఆ 740 లెవాలు. దుకాణాల్లో అవి 2026 ఫిబ్రవరి 1 నుంచి చెల్లవు, కానీ విలువ పోలేదు. బల్గేరియన్ నేషనల్ బ్యాంక్ వాటిని ఎప్పటికైనా, ఎలాంటి రుసుమూ లేకుండా, ఒక యూరోకు 1.95583 లెవాల స్థిర ధరకు మారుస్తుంది. అంటే మీకు 378.36 యూరోలు, మన లెక్కలో 41,600 రూపాయలు వస్తాయి. మీ ఊళ్లో ఎవరో లెవాకు 30 రూపాయలు ఇస్తానన్నారని రాశారు. దాని అసలు విలువ 56 రూపాయలు. ఇవ్వకండి. పోస్టులోనూ పంపకండి, మీతో తీసుకెళ్లండి. 2027లో మే 24 సోమవారం. అది బల్గేరియా విద్య, సంస్కృతి, స్లావిక్ లిపుల పండుగ, సెలవు రోజు. కాబట్టి మే 27 గురువారం సోఫియాలో దిగేలా టికెట్ చూసుకోండి. ఆ రోజు గానీ మర్నాడు గానీ నేషనల్ బ్యాంకులో పని ముగించుకుని ప్లోవ్‌దివ్ బస్సు ఎక్కండి. జూన్ 5, 6 తేదీల్లో గులాబీల పండుగ చూసి, 7న తిరుగు విమానం ఎక్కవచ్చు.

ఈ వారంలో చేయాల్సినది ఒక్కటే ఉంది. ఇద్దరి పాస్‌పోర్టులు తీసి తేదీలు చూడండి. తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలలు గడువు ఉండాలి, పదేళ్లలోపు జారీ అయి ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ఏదైనా తక్కువైతే మార్చి దాకా ఆగకుండా ఇప్పుడే రెన్యువల్‌కు పెట్టండి.