నీ కథలో ఆ హెడ్ దక్కదు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. తండ్రి పోయాక బెజవాడ ఆటోనగర్ షెడ్డులో పనికి చేరిన కుర్రవాడు, ఎక్కువ మాట్లాడని మేస్త్రి, ఇద్దరూ నాకు కళ్ళకు కట్టారు. మూడో పేజీలో మాత్రం ఆగిపోయాను. కుర్రవాడు మోటార్ సైకిల్ హెడ్‌ను, అంటే ఇంజిన్‌కు పైన మూతలా బిగించే భాగాన్ని, రాత్రంతా కాస్టిక్ సోడా తొట్టిలో నానబెట్టాడనీ, తెల్లవారి తీస్తే వెండిలా మెరిసిందనీ రాశావు. అలా జరగదు బాబూ.

పాత లారీల ఇంజిన్ దిమ్మ పోత ఇనుము. వేడి కాస్టిక్ నీళ్ళలో దాని జిడ్డూ రంగూ ఊడిపోతాయి, ఇనుముకు ఏమీ కాదు. నీ హెడ్ అల్యూమినియం. దాని ఒంటిమీద కంటికి కనిపించనంత పల్చని ఆక్సైడ్ పొర ఉంటుంది, గాలీ తేమా తినేయకుండా కాపాడేది అదే. కాస్టిక్ మొదట ఆ పొరను కరిగించి, తరవాత లోహాన్నే తింటుంది. నీళ్ళు నురగలు కక్కుతాయి, తొట్టి వేడెక్కుతుంది. పైకి వచ్చే బుడగలు హైడ్రోజన్, పక్కన బీడీ వెలిగించినా ప్రమాదమే. తెల్లవారి తీస్తే హెడ్ నల్లగా ఉంటుంది, ఎందుకంటే పోతలో కలిపిన సిలికాన్, రాగి కరగకుండా మసిలా మిగిలిపోతాయి. నూనె కారకుండా మధ్యలో పెట్టే పల్చని ప్యాకింగ్ కూర్చునే ముఖం పాడైపోతుంది. ఇక అది తుక్కు సామానే.

సత్తు గిన్నెలో, అంటే అల్యూమినియం గిన్నెలో, పులుసు నిలవ ఉంచవద్దని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెబుతారు. అంటే ఇంజిన్ ఎన్నడూ చూడని పాఠకురాలికి కూడా ఈ సంగతి సగం తెలుసు. ఆమె దగ్గర నీ మాట చెల్లాలి.

ఒక పూట షెడ్డులో కూర్చుని చూడు. విప్పిన భాగాలను డీజిల్ ట్రేలో నానబెడతారు. జాగ్రత్తగల మేస్త్రి ఉక్కు తీగల బ్రష్ పట్టడు, ఇత్తడిది పడతాడు. గట్టిపడిన కార్బన్‌ను, అంటుకుపోయిన పాత ప్యాకింగ్‌ను నానబెట్టి, వెదురు బద్దతో ఓపికగా గీకుతాడు. ఉక్కు స్క్రూడ్రైవర్ మొన అల్యూమినియంలోకి సబ్బులోకి గోరు దిగినట్టు దిగుతుంది. అక్కడ పడ్డ ఒక్క గీత చాలు, ఇంజిన్ బిగించాక నూనె కారడానికి. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే ముఖం చదును పోతుంది, పొడి నూనె దారుల్లోకి చేరుతుంది.

ఈ పొడి సంగతి నాకు అనుభవం. చాలా ఏళ్ళ కిందట నా బండి ఇంజిన్ విప్పించినప్పుడు, ఒక షాపులో భాగాలన్నిటికీ సన్నటి గాజు పూసలు గాలితో కొట్టించి ఇచ్చారు. కొత్తవాటిలా మెరిశాయి. చూసి మురిసిపోయాను. కొన్ని వారాలకే ఇంజిన్ లోపల రాపిడి మొదలైంది. విప్పితే బేరింగులు అరిగిపోయి ఉన్నాయి. నూనె రంధ్రాల మూలల్లో పూసలు దాక్కున్నాయి, ఎవరూ కడగలేదు. బయట మెరుపు తెచ్చిన సరుకే లోపల ఇంజిన్‌ను చంపింది. అందుకే మంచి మేస్త్రి చివరి పని వేడి సబ్బునీళ్ళతో చేస్తాడు. ప్రతి రంధ్రంలోకీ సన్న బ్రష్ తోస్తాడు, తరవాత కంప్రెసర్ గాలి కొట్టి, వెలుతురుకు ఎత్తి, ఆ చివరి నుంచి ఈ చివరికి చూస్తాడు. ఒక కన్ను మూసి హెడ్‌ను ఎండకు పట్టుకున్న ఆ మనిషిని నీ కథలో పెట్టు. అతను మాట్లాడనవసరం లేదు.

ఇదంతా కథలో కుక్కమని కాదు. ఇందులో నాలుగు వాక్యాలకు మించి వాడకు. కానీ ఈ నిజంలో నీ కథకు కావలసిన మలుపు ఉంది. పక్క షెడ్డులో లారీ దిమ్మ అదే తొట్టిలోంచి శుభ్రంగా రావడం కుర్రవాడు చూశాడనుకో. మేస్త్రిని మెప్పించాలని, ఎవరూ చెప్పకుండానే, రాత్రి హెడ్‌ను అందులో వేశాడనుకో. తొట్టి అదే, చెయ్యి మంచిదే, లోహం వేరు. తెల్లవారి మేస్త్రి ఆ నల్లటి ముద్దను చేతిలోకి తీసుకుంటాడు. అతని మౌనానికి నువ్వు ఇప్పటిదాకా పని కల్పించలేదు, ఇక్కడ ఉంది.

బండి యజమాని పది గంటలకు వస్తాడు. హెడ్ ఎవరు పాడుచేశారని అతను అడిగినప్పుడు మేస్త్రి ఏమని చెబుతాడో తేల్చుకుని, మళ్ళీ రాసి పంపు.