మాడ్యూల్ పోలేదు, సిగ్నల్‌కి బలం చాలడం లేదు

బొబ్బిలి దగ్గర గొల్లపల్లి నుంచి ఒక పాఠకుడు అడిగారు: "సార్, మా ఇంట్లో వీణలు చేస్తారు. మైనంలో మెట్లు నిలబెట్టేటప్పుడు స్వరం సరిచూసుకోవడానికి ఆర్డునో నానో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుకి, కోరిన ఫ్రీక్వెన్సీలో అలలు పుట్టించే ఏడీ9833 చిప్ ఉన్న మాడ్యూల్ తగిలించి చిన్న పెట్టె చేస్తున్నాను. సైన్ వేవ్ (నున్నగా ఊగే అల) పెడితే స్పీకర్‌లో ఏమీ వినబడదు, మల్టీమీటర్‌లో ఏసీ 0.2 వోల్టులే వస్తోంది. స్క్వేర్ వేవ్ (చతురస్రపు అల) పెడితే మాత్రం గట్టిగా మోగుతోంది. మాడ్యూల్ పోయిందా? షడ్జమం 164.8 హెర్ట్జ్ కచ్చితంగా వస్తుందా?"

మాడ్యూల్ నిక్షేపంగా ఉందండీ, మీ మీటరే ఆ మాట చెబుతోంది. ఈ చిప్ సైన్, ట్రయాంగిల్ (త్రిభుజాకారపు అల) రెండింటినీ కింది నుంచి పైకి కొలిస్తే దాదాపు 0.6 వోల్టుల ఎత్తులోనే ఇస్తుంది, దాన్ని ఏసీలో కొలిస్తే 0.2 చిల్లర. స్క్వేర్ అయితే సప్లై ఎంత ఉంటే అంత, అంటే మీకు 5 వోల్టులు, అందుకే అది ఒక్కటే మోగుతోంది. కానీ స్పీకర్‌ని నేరుగా చిప్‌కి తగిలించడం ఇవాళే ఆపేయండి, 8 ఓమ్‌ల లోడు లాగే ఓపిక దానికి లేదు. మధ్యలో ఎల్ఎం386 ఆంప్లిఫయర్ పెట్టండి. దాని ముందు ఒక కెపాసిటర్, 10కె వాల్యూమ్ కంట్రోల్ తప్పనిసరి. కెపాసిటర్ ఎందుకంటే ఈ వేవ్ సున్నాకి అటూ ఇటూ ఊగదు, మొత్తం సున్నాకి పైనే ఉంటుంది, ఆ డీసీని ఆపాలి. ఎల్ఎం386 ఇన్‌పుట్ 0.4 వోల్టులు దాటితే తట్టుకోదు కాబట్టి స్క్వేర్ మోడ్ జోలికి ఇక వెళ్లకండి.

ఇక కచ్చితత్వం, ఈ చిప్‌ని మెచ్చుకోవాల్సింది ఇక్కడే. 25 మెగాహెర్ట్జ్ క్లాక్‌ని 28 బిట్లతో, అంటే దాదాపు 26.8 కోట్ల భాగాలుగా విడగొడుతుంది, ఒక్కో భాగం 0.093 హెర్ట్జ్. మీ షడ్జమానికి 1770 అనే సంఖ్య రాస్తే 164.84 వస్తుంది. దాన్నే ఒకటిన్నర రెట్లు చేసి 2655 రాస్తే పంచమం, 3:2 నిష్పత్తి వెంట్రుకవాసి కూడా తప్పదు! వీణ 24 మెట్ల సంఖ్యలూ ప్రోగ్రాంలో పెట్టేసి, బటన్ నొక్కితే తర్వాతి స్వరం వచ్చేలా రాసుకోండి. తీగ స్వరం దగ్గరికొస్తున్నకొద్దీ ధ్వని ఎక్కుతూ తగ్గుతూ అలలా వినిపిస్తుంది, ఆ అల నిదానించి మాయమైన చోట మెట్టు ఆపాలి, ఈ పని మీ ఇంట్లో పెద్దవాళ్ల చెవికి మీకన్నా నాకన్నా బాగా తెలుసు.

చిన్న స్పీకర్‌లో 165 హెర్ట్జ్ సైన్ నీరసంగానే వస్తుంది. నన్నడిగితే ట్రయాంగిల్ పెట్టండి, లేదా 3540 రాసి తారస్థాయి షడ్జమం వాయించండి. షడ్జమ పంచమాలు ఒకేసారి మోగాలంటే మాత్రం రెండు మాడ్యూళ్లు కావాలి. క్లాక్, డేటా వైర్లు రెండింటికీ ఉమ్మడిగా ఇచ్చి ఏ మాడ్యూల్‌తో మాట్లాడుతున్నామో చెప్పే ఎఫ్‌సింక్ పిన్ ఒక్కటే విడిగా తీయండి. ఆర్డునో ఈ చిప్‌కి సంఖ్యలు పంపే పద్ధతి ఎస్‌పీఐ, దాన్ని మోడ్ 2 అని ప్రోగ్రాంలో రాయడం మర్చిపోవద్దు.

శ్రీకాకుళం నుంచి ఒక పాలిటెక్నిక్ విద్యార్థి: "ఇదే మాడ్యూల్‌కి 12.5 మెగాహెర్ట్జ్ దాకా అని రాశారు. 10 పెడితే సైన్ గజిబిజిగా వస్తోందేమిటి సార్?"

క్లాక్ 25 మెగాహెర్ట్జ్ కదమ్మా, 10 దగ్గర ఒక్కో అలకి రెండున్నర చుక్కలే పడతాయి, వాటితో సైన్ గీయమంటే ఎలా? ఎక్కువ ఫ్రీక్వెన్సీలని ఆపే లోపాస్ ఫిల్టర్ పెడితే కొంత నయం. 1 మెగాహెర్ట్జ్ లోపు అయితే దీంతోనే నిశ్చింతగా చేసుకో, నిజంగా 10 కావాలంటే 125 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో వచ్చే ఏడీ9850 మాడ్యూల్ తీసుకో.