మూడు దాకా ఫస్టు, ఐదుకొచ్చేసరికి ఏమైంది?

ఖమ్మం జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించాను. "మా పాపకి పదేళ్లు, ఈ ఏడు ఐదో తరగతి. ప్రైవేటు బడి, ఇంగ్లిష్ మీడియం. మూడు వరకు అన్నిట్లో 95 పైనే. నాలుగులో లెక్కలు 60ల్లోకి పడిపోయాయి. హోంవర్క్ గురించి అడిగితే 'నీకు చెప్పినా అర్థం కాదులే' అంటోంది. పోయిన నెల ఫ్రెండ్‌తో కటీఫ్ అయ్యి రెండు రోజులు సరిగ్గా తినలేదు. గారాబం చేసి చెడగొట్టానని మా అత్తగారు. ఇప్పుడే నవోదయ కోచింగ్ హాస్టల్లో వేసేద్దామని మా ఆయన. ఐదులో ఫెయిల్ చేసే రూల్ కూడా వచ్చిందట కదా. నేను డిగ్రీ మధ్యలో ఆపేసినదాన్ని, దీనికి చదువు ఎలా చెప్పాలి? ఈ ఏడాది ఇంకా ఏమేం చూడాలి?"

అమ్మా, ముందు ఆ గారాబం మాట పక్కన పెట్టండి. మీరు చెప్పినవాటిలో చెడిపోయిన పిల్ల లక్షణం ఒక్కటీ కనిపించలేదు నాకు. నాలుగు, ఐదు తరగతుల్లో చదువు తీరే మారిపోతుంది, అదే సమయంలో ఒళ్లు మారుతుంది, స్నేహాలు మారతాయి, అన్నీ ఒకేసారి వచ్చి మీదపడతాయి. పిల్ల బద్ధకస్తురాలైందని ఇంట్లో అనుకుంటారు గానీ ఎక్కడ ఆగిపోయిందో ఎవరూ కూర్చుని చూడరు. మీరు చేయాల్సింది అదే.

మూడో తరగతి దాకా గుర్తుపెట్టుకుంటే చాలు. ఎక్కాలు, స్పెల్లింగులు, చిన్న చిన్న జవాబులు, జ్ఞాపకశక్తి ఉన్న పిల్లకి 95 వచ్చేస్తాయి. నాలుగు నుంచి పెద్ద భాగహారాలు, భిన్నాలు, ఐదుకొచ్చేసరికి క.సా.గు., గ.సా.భా., దశాంశాలు, పైగా అన్నీ మాటల్లో ఇచ్చే లెక్కలు. ఉదాహరణకి ఒక పెట్టెలో 24 మామిడికాయలు పడతాయి, 612 కాయలు సర్దడానికి ఎన్ని పెట్టెలు కావాలి? పిల్ల భాగించి 25, శేషం 12 అని రాసి ఊరుకుంటుంది. భాగహారం తప్పు లేదు. కానీ మిగిలిన 12 కాయల్ని ఎక్కడ పెడతాం, ఇంకో పెట్టె కావాలి కదా, జవాబు 26. ఇది ఎక్కం రాకపోవడం కాదు, ప్రశ్నని ఊహించుకోకపోవడం. ఇంకో పిల్ల 618ని 6తో భాగించి 13 అని రాస్తుంది, మధ్యలో సున్నా మింగేసి (103 రావాలి). ఇది వేరే జబ్బు, దీనికి మందు వేరే. రెండు పేపర్ల మీదా ఎర్ర ఇంకుతో పడే మార్కు మాత్రం ఒకటే, అందుకే మార్కు చూసి మీకేమీ తెలియదు.

పోయిన సంవత్సరం పరీక్ష పేపర్లు ఉంటే తీయండి, లేకపోతే క్లాసు నోట్సు. తప్పు పోయిన ఒక్కో లెక్కనీ మీరే తెలుగులో చదివి వినిపించండి. తెలుగులో వినగానే చేసేస్తే ఆ పిల్లకి లెక్కలు వచ్చు, రానిది ఆ ఇంగ్లిష్ వాక్యం. ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో ఇది చాలామందికి ఉండే బాధ, ట్యూషన్ మాస్టారు కూడా పట్టుకోరు, ఇంకో వంద లెక్కలు చేయిస్తారు అంతే. తెలుగులో చెప్పినా తడబడితే అప్పుడు లెక్క దగ్గరే లోపం, రెండు తరగతులు వెనక్కి వెళ్లి మొదలుపెట్టినా తప్పులేదు. పనిలో పనిగా కళ్లు కూడా ఒకసారి చూపించండి. బోర్డు మీదిది కళ్లు చికిలించి చూస్తోందా, పక్క పిల్ల నోట్సు చూసి రాసుకుంటోందా అడగండి, ఈ వయసులో చాలామందికి మొదటిసారి అద్దాలు పడతాయి. ఏ భాషలో చదివినా అక్షరాలు తారుమారు చేస్తూ ఒక్కో మాటా కూడబలుక్కుంటూ ఉంటే మాత్రం అది శ్రద్ధ లేకపోవడం అనుకోవద్దు, పిల్లల సైకాలజిస్టుకి చూపించి పరీక్ష చేయించండి.

"నీకు అర్థం కాదులే" అన్న మాట మిమ్మల్ని బాగా గుచ్చుకున్నట్టుంది. పదేళ్ల పిల్ల అమ్మని కొలవడం మొదలుపెట్టే వయసు ఇది, పొగరు అనుకోకండి. మీరు డిగ్రీ ఆపేయడం ఇక్కడ అడ్డమేమీ కాదు, నిజానికి పనికొస్తుంది. "నాకు రాదు, నువ్వు టీచరువై చెప్పు, నేను రాసుకుంటా" అని పలకో నోట్సో పట్టుకుని కూర్చోండి. చెబుతూ చెబుతూ ఎక్కడ ఆగుతుందో అక్కడే దాని సందేహం ఉంటుంది. ఆగినచోట మీరు గెలిచినట్టు నవ్వకండి, అంతే.

ఇంకో మార్పు చాలామంది తల్లులకి లెక్కలోకి రాదు. కింది తరగతుల్లో ఒక క్లాసు టీచరే దాదాపు అన్నీ చూసుకుంటుంది, డైరీ కూడా తనే చూస్తుంది. చాలా ప్రైవేటు బళ్లలో నాలుగు, ఐదుకల్లా సబ్జెక్టుకొక టీచరు వస్తారు, హోంవర్క్ పిల్లే రాసుకోవాలి, రేపటి పుస్తకాలు పిల్లే సర్దుకోవాలి. ఆరుకి వెళ్తే ఇప్పటి పరిసరాల విజ్ఞానం కాస్తా సైన్సు, సోషల్‌గా విడిపోతుంది. కాబట్టి ఈ ఏడాదే బ్యాగు సర్దడం దానికి వదిలేయండి. మొదట్లో రెండు మూడుసార్లు పుస్తకం మరిచిపోయి తిట్లు తింటుంది, తిననివ్వండి, మీరు స్కూటీ వేసుకుని పుస్తకం తీసుకెళ్లి ఇవ్వకండి. అలాగని పూర్తిగా చేతులు దులుపుకోవద్దు, రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు "రేపు ఏముంది?" అని అడిగితే చాలు.

ఒంటి సంగతి. మీ ఉత్తరంలో దీని ఊసే లేదు, అందుకే నేనే ఎత్తుతున్నాను. ఆడపిల్లల్లో ఎదుగుదల 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలవచ్చు. ముందు రొమ్ము దగ్గర చిన్న గడ్డలా వస్తుంది, ఒక్కోసారి ఒకవైపే వస్తుంది, తగిలితే నొప్పి పుడుతుంది. ఇది చూసి హడలిపోయి స్కానింగుల దాకా వెళ్లిన తల్లులున్నారు. మామూలుగా అది మొదలైన రెండు, రెండున్నరేళ్లకి నెలసరి వస్తుంది. అంటే ఐదు, ఆరు తరగతుల్లో బడిలోనే వచ్చే అవకాశం ఉంది. ఆ రోజు పిల్ల తనకేదో జబ్బు చేసిందనుకుని బాత్రూంలో ఏడవకుండా ఉండాలంటే ముందే చెప్పాలి, మీరే చెప్పాలి. ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో చూపించి, ఒకటి బ్యాగులో చిన్న సంచిలో పెట్టి, బడిలో ఏ మేడంకి చెప్పాలో పేరుతో సహా మాట్లాడుకోండి. ఫంక్షన్ చేస్తారా లేదా అన్నది తర్వాత, అది ఇంటిల్లిపాదీ కలిసి వాదించుకోవచ్చు. (8 ఏళ్లలోపే మార్పులు మొదలైతే మాత్రం డాక్టరుకి చూపించాలి, మీ పాపకి ఆ బెంగ లేదు.)

కటీఫ్ గురించి ఎక్కువ చెప్పను. ఈ వయసులో స్నేహితురాలంటే సగం ప్రపంచం, వచ్చే వారం మళ్లీ కలుస్తారు. మొదటి రోజే అవతలి తల్లికి ఫోన్ చేస్తే పిల్లల గొడవ పెద్దల గొడవ అవుతుంది. "అలా అంటే నాకూ బాధేసేది" అని వినండి, సలహా అడిగితేనే ఇవ్వండి. కానీ వారాల తరబడి బడికి వెళ్లే పొద్దుటిపూటే కడుపునొప్పి వస్తుంటే, వస్తువులు పోతుంటే, ఒంటి మీద దెబ్బలుంటే అది కటీఫ్ కాదు, వెంటనే టీచర్ని కలవాలి.

ఇక మీ ఆయన మాట. నవోదయ, అంటే కేంద్రం నడిపే హాస్టలు బడి, మంచిదే, పరీక్ష రాయించండి, తప్పేం లేదు. కానీ అది ఆరో తరగతి ప్రవేశానికి పెట్టే పరీక్ష, ఐదులో ఉండగా ఒక్కసారే రాయనిస్తారు. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు, అందులో సగం మెంటల్ ఎబిలిటీ, పావు వంతు లెక్కలు, పావు వంతు భాష, తెలుగులోనే రాయొచ్చు. ఒక్కో నవోదయలో ఆరులో సీట్లేమో ఎక్కువలో ఎక్కువ 80. సీటొస్తే వచ్చే ఏడాది ఎలాగూ హాస్టలే కదా, దానికోసం ఒక ఏడాది ముందే ఇంటికి దూరం చేయడం దేనికి? లెక్కల్లో తడబడుతున్న, స్నేహితురాలితో మాటల్లేక అన్నం మానేసిన పిల్లని ఇప్పుడు హాస్టల్లో వేయడం నాకైతే ససేమిరా ఇష్టం లేదు. ఇంట్లోనే రోజూ ముప్పావుగంట, పాత పేపర్లతో చేయించండి, దానిలోని లెక్కలు దాదాపుగా ఇప్పుడు క్లాసులో చేస్తున్నవే. తెల్లవారుజామున నాలుగింటికి లేపే పద్ధతి వద్దు, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఫారం నింపే ముందు ఇల్లొదిలి ఉండడం తనకి ఇష్టమేనా అని పాపని ఒకసారి అడగండి. చుట్టాలందరికీ టముకు వేయకండి, సీటు రాకపోతే ఆ మాటలు పడేది పిల్లే.

ఫెయిల్ రూల్ గురించి ఊళ్లో మాట సగమే నిజం. 2024 డిసెంబర్‌లో కేంద్రం 5, 8 తరగతులకి అలాంటి నిబంధన తెచ్చింది. అది కేంద్రీయ విద్యాలయాల్లాంటి కేంద్రం బళ్లకి, రాష్ట్రాలు తమ నిర్ణయం తాము తీసుకోవచ్చు. అక్కడ కూడా తప్పిన పిల్లలకి రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాలి, బడి నుంచి పంపేయకూడదు. మీ బడిలో ఏ పద్ధతో హెడ్ మాస్టరుని నేరుగా అడగండి, అంతేగానీ దీన్ని పాపని బెదిరించడానికి వాడకండి.

ఈసారి పేరెంట్స్ మీటింగులో "మా పాప ఎలా చదువుతోంది?" అని అడక్కండి, "బాగానే ఉంది, ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి" అంటారు, ప్రతి ఇంటికీ అదే జవాబు. పేపరు ముందు పెట్టి "ఈ లెక్కలో ఎక్కడ ఆగింది?" అని అడగండి. మీ ఆయన్ని కూడా వెంటబెట్టుకెళ్లండి, ఆ ముక్క టీచరు నోట ఆయనే విననీయండి. దసరా సెలవులయ్యాక కూడా తీరు మారకపోతే రెండు పరీక్షల పేపర్లు ఫొటో తీసి పంపండి, మార్కుల కార్డు అక్కర్లేదు.