పొగ మెలి తిరిగితే ఆగకు

అమ్మా,

అడవి మంటలు ఆర్పే బృందంలో చేరుతున్నానని రాశావు. చదవగానే నాకు సుడిమంట, అంటే సుడిగాలిలా గిర్రున తిరుగుతూ లేచే మంట, గుర్తొచ్చింది. అందుకే ఈ ఉత్తరమంతా దాని గురించే.

ఎదురుగా మంట ఉంటే కళ్లు దాన్ని వదలవు. నువ్వు మాత్రం పొగ మొదట్లోకీ, నీ కాళ్ల దగ్గరికీ చూస్తూ ఉండు. నాకు మొదటిసారి ఆచూకీ ఇచ్చింది బూటు పక్కన బూడిదే. అప్పటిదాకా ఒకవైపు కొట్టుకుపోతున్నదల్లా ఉన్నచోటే గుండ్రంగా తిరగసాగింది. రెండు ఎండుటాకులు కూడా దాంతోపాటు తిరిగాయి. తలెత్తేసరికి కొద్ది దూరంలో మంట తాడు పేనినట్టు మెలితిరుగుతూ లేస్తోంది. పారలు అక్కడే పడేసి పరుగెత్తాం.

వేడిగాలి పైకి దూసుకుపోతుంటే చుట్టుపక్కల గాలి ఆ చోటికి ఎగబడుతుంది. అందులో కాస్త తిరుగుడు ఉన్నా చాలు, సుడి సన్నబడి పైకి సాగేకొద్దీ వేగం పుంజుకుంటుంది. గట్టుకు గాలి తగలని వైపు ఇది తరచుగా పుడుతుంది. కాబట్టి గట్టు చాటున ఉన్నాం కదా అని ధీమాగా ఉండొద్దు.

చాలా సుళ్లు చిన్నవే, కొద్ది నిమిషాల్లో చల్లబడతాయి. కానీ 2018 జులై 26న కాలిఫోర్నియాలోని రెడ్డింగ్ దగ్గర లేచిన సుడిలో గాలి గంటకు 230 కిలోమీటర్ల వేగం అందుకుంది. పెద్ద విద్యుత్ టవర్లనే కూల్చేసింది.

ఖాళీ జాగా కనబడితే చాలనుకోకు. 1923 సెప్టెంబరు 1న భూకంపం వచ్చి మంటలు చెలరేగినప్పుడు టోక్యోలో జనం హోంజో అనే పేటలోని ఖాళీ మైదానానికి చేరారు. వెంట తెచ్చుకున్న సామాన్లే అంటుకున్నాయి, పైగా సుడిమంట వచ్చి పడింది. దాదాపు 38,000 మంది పోయారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె బరువెక్కుతుంది. నువ్వు ఎంచుకునే చోట కాలడానికి ఏమీ మిగలకూడదు.

పని మొదలుపెట్టేముందే బయటపడే దారిలో ఒకసారి నడిచి చూసుకో. పొగ తిరుగుతుంటే రేడియోలో చెప్పి కదులు. ఫోన్ తీసి వీడియో పట్టొద్దు, అది ఎటు పోతుందో లెక్కలు వేస్తూ నిలబడొద్దు. సుడి నిప్పురవ్వల్ని దూరంగా విసురుతుంది, అవి నీ వెనకాల కూడా అంటుకోవచ్చు. అందుకే పరుగెత్తే దారిలో కూడా చూపు ఉండాలి.

మొదటిరోజే మీ బృందంలో పొగను కనిపెట్టుకుని ఉండే మనిషి ఎవరో అడుగు. ఎవరూ లేరంటే, పెద్దవాళ్లు విసుక్కున్నా సరే, ఒకరిని పెట్టేదాకా అడుగుతూనే ఉండు.