మొబైల్ హోమ్‌ని పక్క రాష్ట్రానికి తీసుకెళ్లాలంటే, లాగేవాడికన్నా ముందు నిలబెట్టేవాణ్ణి వెతకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆర్కాన్సాలో మీకు 2004లో తయారైన డబుల్ వైడ్ మొబైల్ హోమ్ ఉంది, అంటే ఫ్యాక్టరీలో రెండు ముక్కలుగా చేసి, లాగి తెచ్చి కలిపే ఇల్లు. టెక్సాస్‌లో గాల్వెస్టన్ కౌంటీలో అరెకరం కొన్నారు. కొత్తది కట్టే బదులు ఉన్న ఇంటినే అక్కడికి తీసుకెళ్దామని ఆలోచన. ఒక మూవర్ (ఇల్లు లాగేవాడు) ఫోన్‌లోనే రేటు చెప్పేసి, సగం డబ్బు ఈ వారంలోనే జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి)లో పంపమంటున్నాడు. పంపొచ్చా అని అడిగారు.

పంపకండి. అతను మంచివాడా కాదా అన్నది తర్వాత సంగతి. అసలు ఆ ఇంటిని గాల్వెస్టన్‌లో పెట్టనిస్తారో లేదో ముందు తేలాలి. ఇల్లు చూడకుండా రేటు చెప్పినవాడు ఆ మాట మీకు చెప్పడు.

ఇంట్లో డేటా ప్లేట్ అని ఒక కాగితం అతికించి ఉంటుంది. వంటింటి అల్మరా తలుపు లోపలివైపో, కరెంటు ప్యానెల్ దగ్గరో, బెడ్‌రూమ్ క్లోజెట్‌లోనో చూడండి. దాని మీద చిన్న చిన్న అమెరికా మ్యాపులుంటాయి. అందులో విండ్ జోన్ మ్యాపు, అంటే ఏ ప్రాంతంలో ఎంత గాలికి ఇల్లు తట్టుకోవాలో చెప్పేది, మీకు ముఖ్యం. ఆర్కాన్సా మొత్తం జోన్ 1. గాల్వెస్టన్ కౌంటీ, పక్కనున్న బ్రజోరియా కౌంటీ, ఇంకా టెక్సాస్ సముద్రతీరంలో చాలా కౌంటీలు జోన్ 2. అంటే గంటకు 100 మైళ్ల గాలిని తట్టుకునేలా కట్టిన ఇళ్లే అక్కడ పెట్టాలి. 1992లో ఆండ్రూ తుపాను ఫ్లోరిడాలో ఈ ఇళ్లను తుక్కు తుక్కు చేశాక, 1994లో హడ్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ) ఈ నిబంధనలు బిగించింది. జోన్ 2 ఇంటిని జోన్ 1లో పెట్టుకోవచ్చు, జోన్ 1 ఇంటిని మాత్రం జోన్ 2కి తీసుకెళ్లడం కుదరదు. ఆర్కాన్సాలో అమ్మడానికి చేసిన ఇళ్లు సాధారణంగా జోన్ 1వే. మీది కూడా అదే అయితే ఈ కథ ఇక్కడితో సరి, డిపాజిట్ మిగిలిందనుకోండి. (ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఉత్తరాదికి తీసుకెళ్తుంటే పైకప్పు లోడ్ మ్యాపు కూడా చూసుకోవాలి. దక్షిణాది ఇంటి కప్పు చదరపు అడుగుకు 20 పౌండ్ల బరువుకే చేస్తారు, మంచు బాగా పడే చోట 30, 40 కావాలి.)

ఒకవేళ అదృష్టం బాగుండి జోన్ 2 అని ఉంటే, మిగతాది చదవండి.

నా అనుభవం 2021 చివర్లోది. డాలస్ వైపు ఉంటున్నాం. టెక్సాస్‌లో ప్యారిస్ ఊరి దగ్గర నాలుగెకరాలు కొన్నాం. ఓక్లహోమాలో యాంట్లర్స్ దగ్గర ఒకాయన తన సింగిల్ వైడ్ (ఒకే ముక్క ఇల్లు) చవగ్గా అమ్ముతుంటే తీసుకున్నాం. 16 అడుగుల వెడల్పు, 76 అడుగుల పొడవు. 271 హైవే మీద మధ్యలో హ్యూగో, రెడ్ రివర్ దాటితే ప్యారిస్. దూరం 50 మైళ్లు కూడా లేదు. అయినా ఖర్చు అన్నీ కలిపి 11,000 డాలర్లు దాటింది. అందులో లాగినందుకు అయింది మూడో వంతే! మిగతాదంతా విప్పడానికి, పర్మిట్లకు, మళ్లీ నిలబెట్టడానికి అయింది. మీకు దూరం ఎక్కువ, పైగా డబుల్ వైడ్ అంటే రెండు ముక్కలు, రెండు లారీలు. కాబట్టి మైలుకింత అని చెప్పే రేటు చూసి మోసపోవద్దు.

మొదట నేనూ చవకవాడికే పడ్డాను. "నది దాటడమే కదా, 50 మైళ్లే కదా" అని అతను, "అంతే కదా" అని నేను. 1,500 డాలర్లు అడ్వాన్స్ ఇచ్చాను. తర్వాత ఒక రాత్రి నిద్ర పట్టక ఎఫ్‌ఎంసీఎస్‌ఏ (లారీ కంపెనీలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల సేఫర్ సైట్‌లో అతని యూఎస్‌డాట్ నంబరు (ఆ సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు) కొట్టి చూశాను. ఇంట్రాస్టేట్ ఓన్లీ అని ఉంది. అంటే సొంత రాష్ట్రం లోపల తప్ప సరిహద్దు దాటి లాగే హక్కు లేదు. అడిగితే "ఎవరూ ఆపరు సార్" అన్నాడు. డబ్బు వెనక్కి అడిగితే రెండు నెలలు తిప్పి 700 ఇచ్చాడు. ఈ సైట్ ఉచితం, రెండు నిమిషాల పని. అక్కడ మూడు చూడండి: ఇంటర్‌స్టేట్ అని ఉందా, తీసుకెళ్లే సరుకుల వరుసలో మొబైల్ హోమ్స్ దగ్గర టిక్కు ఉందా, ఇన్సూరెన్స్ అమల్లో ఉందా. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ మూవర్ వాట్సాప్‌లో పంపితే సరిపోదు, అతని ఏజెంట్ నుంచి నేరుగా మీ మెయిల్‌కి రావాలి. మీ ఇంటి పాలసీ మామూలుగా ఇల్లు రోడ్డు మీద ఉన్నప్పుడు పనిచేయదు. ఆ ప్రయాణం వరకు విడిగా ట్రిప్ కవరేజీ ఇస్తారేమో మీ ఏజెంట్‌ని అడగండి.

ఇక పైన శీర్షికలో చెప్పిన మాట. ఇల్లు లాగడం ఒక పని, నిలబెట్టడం వేరే పని. టెక్సాస్‌లో నిలబెట్టేవాడికి (ఇన్‌స్టాలర్ అంటారు) టీడీహెచ్‌సీఏ, అంటే ఆ రాష్ట్ర గృహనిర్మాణ శాఖ, ఇచ్చే లైసెన్సు ఉండాలి. పని అయ్యాక అతను ఫాం టీ అనే ఇన్‌స్టాలేషన్ నోటీసు ఆ శాఖకు పంపాలి. లైసెన్సు ఉందో లేదో వాళ్ల సైట్‌లోనే తెలుస్తుంది. మీ ఆర్కాన్సా మూవర్ "సెటప్ కూడా మేమే చేస్తాం" అంటే టెక్సాస్ లైసెన్సు నంబరు అడగండి. నసిగితే మీకు సమాధానం దొరికినట్టే. నేను రెండోసారి చేసిన పని ఏమిటంటే, ముందు ప్యారిస్ దగ్గర ఒక ఇన్‌స్టాలర్‌ని పట్టుకున్నాను. ఎవరు లాగితే ఇల్లు సొట్ట లేకుండా వస్తుందో అతనికి తెలుసు, ఎందుకంటే ఆ సొట్టలు సరిచేసేది అతనే. అతను చెప్పినవాణ్ణే మూవర్‌గా పెట్టుకున్నాను.

ఆ మూవర్ రేటు చెప్పకముందే యాంట్లర్స్ వెళ్లి ఇంటి కింద పాకి చూశాడు. ఇరుసులు, చక్రాలు ఉన్నాయా, ఫ్రేము తుప్పు పట్టిందా, అడుగున గుడ్డ చిరిగిందా అని. తర్వాత నన్నే ప్రశ్నలడిగాడు. గేటు ఎంత వెడల్పు? దారిలో చెట్టు కొమ్మలు, కరెంటు తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయి? వాన పడితే మీ స్థలంలోకి లారీ దిగుతుందా? మిమ్మల్ని ఇలా విసిగించేవాడు దొరికితే వదలొద్దు.

కాగితాల పని అసలైన టెన్షన్. ఓక్లహోమాలో ఈ ఇళ్లకు కారుకిచ్చినట్టు టైటిల్ (యాజమాన్య పత్రం) ఇస్తారు. మాకు అమ్మినాయన రెండేళ్ల పన్ను కట్టలేదని పర్మిట్ దగ్గరకొచ్చాక తెలిసింది. పన్ను తేలేదాకా కదలనివ్వరు. ఆయన బాకీ ఇంటి ధరలో తగ్గించుకుని మేమే కట్టాం. మీరు మీ కౌంటీ కలెక్టర్ ఆఫీసుకెళ్లి బాకీ లేదని రసీదు తీసుకోండి. కలెక్టర్ అంటే మన జిల్లా కలెక్టర్ గారు కాదు, ఉత్త పన్ను వసూలు ఆఫీసు. (మన కలెక్టర్‌కి ఆ పేరు వచ్చిందీ అలాగే లెండి.) ఇంటి మీద లోన్ ఉంటే బ్యాంకు నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు కావాలి. టెక్సాస్‌కి వచ్చాక టైటిల్ అని ఉండదు, టీడీహెచ్‌సీఏ దగ్గర స్టేట్‌మెంట్ ఆఫ్ ఓనర్‌షిప్ తీసుకోవాలి. ఒక్కో ముక్క వెనకవైపు బయట గోడ మీద చిన్న ఎర్ర రేకు ఉంటుంది, అది హడ్ లేబుల్. 1976 జూన్ 15 తర్వాత తయారైన ప్రతి ఇంటికీ ఉండాలి. మీకు రెండు ముక్కలు కాబట్టి రెండు రేకులు. వాటిని పీకొద్దు, రంగు వేయొద్దు. పోయి ఉంటే ఐబీటీఎస్ అనే సంస్థ రికార్డులు చూసి లెటర్ ఇస్తుంది, ఆ పని ముందే మొదలుపెట్టండి.

పర్మిట్లు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం విడిగా ఇస్తుంది, దారి కూడా వాళ్లే రాసిస్తారు. పగటిపూటే లాగాలి. గాలి ఎక్కువైతే ఆపేయాలి. మాకు ఒక రోజు గాలికి పోయింది. ఆ రోజు పైలట్ కార్ల (ఇంటి ముందూ వెనకా హెచ్చరికగా నడిచే కార్ల) ఖర్చు ఎవరిది? ఒప్పందంలో రాసుకోలేదు, కాబట్టి నాదే. టైర్లదీ అంతే. ఈ ఇళ్లకు 14.5 అంగుళాల రిమ్ముకి వేసే ప్రత్యేకమైన టైర్లుంటాయి, ఏళ్లతరబడి ఎండకు ఎండి బీటలు తీసి ఉంటాయి. హ్యూగో దాటకముందే ఒకటి లక్ష్మీ బాంబులా పేలింది. వెనక కారులో నా పక్కనున్న నాన్న ఉలిక్కిపడి, "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, ఇల్లు లాగి చూడమని ఎవరూ అనలేదురా" అన్నారు. డ్రైవర్ మాత్రం దిగి, అదేదో రోజూ తాగే టీ అన్నట్టు ఇరవై నిమిషాల్లో మార్చేశాడు. బిల్లులో రెండు టైర్లు పడ్డాయి, రెండోది నది దాటాక పోయింది. టైర్లు, ఇరుసుల అద్దె, ఆగిపోయిన రోజులు, పర్మిట్ ఫీజులు ఎవరి ఖాతాలో అన్నది కాగితం మీద ఉండాలి. డబ్బు కూడా మూడు విడతలుగా పెట్టుకోండి: కొంత పర్మిట్లు చూపించాక, ఎక్కువ భాగం ఇల్లు స్థలంలోకి చేరాక, చివరిది లెవెల్ చూసి, తలుపులన్నీ సరిగ్గా మూసుకుంటున్నాయని తేలాక.

సామాను సంగతి పెద్దగా లేదు. బరువైనవి తీసేయండి, వాటర్ హీటర్ ఖాళీ చేయండి, అల్మరా తలుపులకు టేపు వేయండి. గోడల్లో సన్నటి పగుళ్లు వస్తాయి, దానికి కంగారు పడొద్దు.

నేల గురించి మాత్రం కాస్త వివరంగా చెప్తాను, నేను దెబ్బ తిన్నది అక్కడే. ఇల్లు రాకముందు వారం నాన్న మా స్థలంలో తిరుగుతూ వంగి గుప్పెడు మట్టి తీసి నలిపారు. "ఒరేయ్, ఇది మన నల్లరేగడే. ఎండితే నెర్రెలు, తడిస్తే ఉబ్బు. దీని మీద దిమ్మెలు పేరిస్తే నిలబడతాయా?" అన్నారు. గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్లు పత్తి పండించిన మనిషి. ఇన్‌స్టాలర్ కూడా వేరే మాటల్లో అదే చెప్పాడు. పునాది దిమ్మెల కింద లోతుగా తవ్వి కాంక్రీటు పోద్దాం, నీళ్లు ఇంటి కిందికి పోకుండా మట్టి చుట్టూ వాలుగా పోద్దాం, ఇంకో 1,200 అవుతుంది అన్నాడు. అప్పటికే టైర్లు, పన్నులు, పోయిన అడ్వాన్సు అన్నీ కలిపి మండి ఉన్నాను. వద్దన్నాను. పైపైన ప్యాడ్లు వేసి, దిమ్మెలు పేర్చి, యాంకర్లు దిగ్గొట్టి పట్టీలు బిగించాడు. మన మేస్త్రీల్లాగే సన్నటి ట్యూబులో నీళ్లు పోసి లెవెల్ చూశాడు. ఆ రోజు నేను హాల్లో నేల మీద రసమట్టం పెడితే బుడగ సరిగ్గా మధ్యలో ఆగింది.

మార్చి వానలకు బాత్రూమ్ తలుపు పట్టేసింది. ఏప్రిల్‌లో వంటింటి కిటికీ. రసమట్టం మళ్లీ పెడితే బుడగ ఒక మూలకి పోయి కూర్చుంది. మళ్లీ జాకీలు పెట్టి, సగం దిమ్మెలు తీసి, వద్దన్న పనే చేయించాల్సి వచ్చింది. రెండున్నర వేలు. నాన్న ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

గాల్వెస్టన్ వైపు కూడా బంకమట్టే. పైగా వరద. అందుకే మూవర్‌తో మాట్లాడే ముందు కౌంటీలో ఫ్లడ్‌ప్లెయిన్ (వరద ముంపు ప్రాంతం) పర్మిట్ ఇచ్చే ఆఫీసుకి ఫోన్ చేసి, మీ స్థలం ఏ వరద జోన్‌లో ఉంది, నేల నుంచి ఎంత ఎత్తులో పెట్టాలి అని అడగండి. ఎత్తు పెరిగే కొద్దీ నిలబెట్టే ఖర్చు లాగే ఖర్చుని మింగేస్తుంది. డబుల్ వైడ్‌కి రెండు ముక్కలు కలిసే చోట కింద దిమ్మెలు, పైన కప్పు అతుకు రెండూ పక్కాగా ఉండాలి. ఆ తెరిచి ఉన్న వైపు దారిలో వానకి తడవకుండా ప్లాస్టిక్ ఎవరు కడతారో, స్థలంలో ఎన్ని రోజుల్లో కలుపుతారో అడగండి.

ఇంకొక్క మాట, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఒకసారి ఒక చోట నిలబెట్టిన ఇంటిని ఇంకో చోటికి మారిస్తే, తర్వాత దాన్ని కొనేవాళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ (కేంద్ర ప్రభుత్వ బీమా ఉన్న హోమ్ లోన్) లాంటి మామూలు హోమ్ లోన్లు దొరకడం చాలా కష్టం. రేపు అమ్మాలనుకుంటే నగదుతో కొనేవాళ్లే దిక్కు. మీరు అక్కడే పదిహేనేళ్లు ఉంటారంటే పర్వాలేదు. మూడేళ్లలో అమ్మే ఆలోచన ఉంటే ఈ ఇంటిని ఆర్కాన్సాలోనే, ఉన్న చోటే అమ్మేసి, గాల్వెస్టన్‌లో జోన్ 2 ఇల్లు కొత్తది తీసుకోవడమే లాభం అని నా లెక్క.

ఈ రాత్రికి టార్చి పట్టుకుని ఆ డేటా ప్లేట్ వెతకండి. విండ్ జోన్ దగ్గర ఏముందో ఇక్కడ రాస్తే, మిగతా ప్రశ్నలు అప్పుడు చూద్దాం.