వారానికి ఎన్ని కిలోమీటర్లు అని అడిగే ముందు

పోయిన ఏడాది 75 కిలోమీటర్ల పరుగులో 58వ కిలోమీటరు దగ్గర ఆగిపోయానని మీరు నాకు రాశారు. ఈసారి వారానికి 120 కిలోమీటర్లు పరుగెత్తితే పూర్తి చేయగలనా అని అడిగారు. అన్ని కిలోమీటర్లు అవసరం లేదు. ఈ మాట తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు, రెండు విమాన టికెట్లు పట్టాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నేను ఉండేది విశాఖపట్నంలో. 2023 జూన్ 11న దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ మారథాన్‌కు వెళ్లాను. పేరుకు మారథానే గానీ దూరం అంతకు రెట్టింపు పైనే. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన తన తోటి సైనికుల జ్ఞాపకార్థం విక్ క్లాపమ్ అనే ఆయన 1921లో మొదలుపెట్టిన పరుగు ఇది. డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ అనే రెండు ఊళ్ల మధ్య జరుగుతుంది. సాధారణంగా ఒక ఏడాది సముద్రం ఒడ్డు నుంచి కొండల పైకి, మరుసటి ఏడాది కొండల నుంచి సముద్రానికి. గడువు 12 గంటలు. నేను వెళ్లిన ఏడాది కిందికి, 87.7 కిలోమీటర్లు.

ఈ ‘కిందికి’ అనే మాటే నన్ను ముంచింది. పల్లానికి పరుగే కదా, కాళ్లు వాటంతట అవే పోతాయి అనుకున్నాను. నాలుగు నెలలపాటు వారానికి 90, 95 కిలోమీటర్లు మన బీచ్ రోడ్డు మీదే పరుగెత్తాను. మీరు చేయాలనుకుంటున్న పని దాదాపు ఇదే.

66వ కిలోమీటరు దగ్గర ఫీల్డ్స్ హిల్ అనే కొండ దిగి, రోడ్డు పక్కన సిమెంటు గట్టు మీద కూర్చున్నాను. తొడల ముందు కండరాలు ఎంత బిగుసుకుపోయాయంటే, కూర్చోవడానికి రెండు చేతులూ ఆనించాల్సి వచ్చింది. అంతకు ముందే రెండుసార్లు వాంతి అయింది. పరుగు మానేసిన వాళ్లను ఎక్కించుకునే బస్సు వచ్చి ఆగింది. గడువు ఇంకా ఉంది, నన్ను ఎవరూ ఆపలేదు. నేనే ఎక్కాను. లోపల ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు.

ఇంటికి వచ్చాక అడిగిన వాళ్లందరికీ ఒకటే కథ చెప్పాను: ఎండ, కడుపు పాడైంది, ఆ కొండ. మూడూ నిజాలే. కానీ నెల తర్వాత ఒక రాత్రి నిద్ర పట్టక, చేతి గడియారంలో నమోదైన లెక్కలను కాగితం మీద ఎక్కించాను. ప్రతి 5 కిలోమీటర్లకు పట్టిన సమయం వరుసగా రాసుకుంటూ పోతే అసలు కథ బయటపడింది. 12 గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు సగటున 8 నిమిషాల 12 సెకన్లు చాలు. నేను మొదటి 20 కిలోమీటర్లు 6 నిమిషాల 10 సెకన్ల చొప్పున వెళ్లాను. అందులోనూ 9వ కిలోమీటరు, అంటే పాలీ షార్ట్స్ అనే ఏటవాలు దిగుతున్నప్పుడు, 5 నిమిషాల 20 సెకన్లు! అప్పటికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. చలి, చుట్టూ వేల మంది, అంతకు గంట ముందు లౌడ్‌స్పీకర్లలో విన్న కోడికూత ఇంకా చెవుల్లోనే ఉంది. (1948లో మాక్స్ ట్రిమ్‌బోర్న్ అనే పరుగుదారు ఉత్సాహం పట్టలేక కోడిలా కూశాడు. అప్పటి నుంచి ఆ కూత లేకుండా ఈ పరుగు మొదలుకాదు.) గాల్లో తేలిపోతున్నట్టు దిగాను. నేను ఆగింది 66 దగ్గరే, కానీ ఓడింది అక్కడ కాదు, ఆ తొమ్మిదో కిలోమీటరులో.

అందుకే మీరు శిక్షణ పట్టిక వెతుక్కునే ముందు ఈ పని చేయండి. 58 దగ్గర ఏమైందో మీకు తెలుసు, దాన్ని వదిలేయండి. అక్కడికి చేరే దారిలో ఎక్కడ తప్పు మొదలైందో పట్టుకోండి. వేగమా, తిండా, నీళ్లా, చెప్పులా, నిద్రా? అది దొరక్కుండా కిలోమీటర్లు పెంచితే పాత తప్పునే మరింత దృఢమైన కాళ్లతో చేస్తారు.

నేను ముందు ఆ పనీ సరిగా చేయలేదు. ఓటమి కోపంలో ఆగస్టు నుంచి వారానికి 100 దాటించాను. అక్టోబరుకల్లా ఎడమ ముంగాలి (మోకాలి కింద ముందువైపు) ఎముక నొప్పితో ఆరు వారాలు మంచం మీద కాకపోయినా కుర్చీలో కూర్చున్నాను. 2024 అలా చేజారింది. ఖర్చు సంగతి కూడా దాచడం ఎందుకు? ఆ ఏడాది మా అమ్మాయి కాలేజీ ఫీజు ముందు నా విమాన టికెట్ నిలబడలేదు.

ఇప్పుడు పల్లం సంగతి. మైదానంలో పరుగెత్తేటప్పుడు కంటే కొండ దిగేటప్పుడు తొడ కండరం చేసే పని వేరు. శరీరం బరువు మోస్తూనే అది సాగాలి, అంటే బ్రేకులా పనిచేయాలి. ఆ సాగుదలలో కండరపు పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. అందుకే కొండ దిగిన రోజు పెద్దగా ఏమీ అనిపించకపోయినా, మర్నాడో మూడో రోజో మెట్లు దిగలేం. అయితే ఇందులో ఒక మంచి సంగతి కూడా ఉంది. ఒకసారి అలా దెబ్బతిని కోలుకున్న కండరం తర్వాత కొన్ని వారాలపాటు అదే శ్రమకు అంతగా దెబ్బతినదు. అంటే ప్రతిరోజూ కొండ అవసరం లేదు, పది పదిహేను రోజులకు ఒకసారి చాలు.

నాకు సింహాచలం ఘాట్ రోడ్డు దొరికింది. తెల్లవారుజామున నాలుగున్నరకు కింద మొదలుపెట్టి, పైకి చురుగ్గా నడిచి, కిందికి పరుగెత్తడం. మొదటిసారి రెండు రౌండ్లతో ఆపేశాను. మూడు రోజులు ఆఫీసులో కుర్చీ చేతులు పట్టుకుని లేచాను. నాలుగు నెలల తర్వాత ఆరు రౌండ్లు చేసి మర్నాడు మామూలుగా మెట్లు దిగాను. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా, వేగంగా, చప్పుడు రాకుండా పడాలి. మీ అడుగుల చప్పుడు మీకే గట్టిగా వినిపిస్తోందంటే మడమతో బ్రేకు వేస్తున్నారని అర్థం. చివరి కొండ పరుగు అసలు పరుగుకు మూడు వారాల ముందే ముగించాను. మీది చదునైన దారి అయితే ఈ పేరా మీకు అంతగా పనికిరాదు. మీ దారి ఎలాంటిదో దాని నకలును మీ ఊళ్లోనే వెతుక్కోండి.

నడక గురించి మాత్రం అందరికీ చెబుతాను, ఎందుకంటే దాన్ని ఎవరూ శిక్షణ అనుకోరు.

ఆ బస్సెక్కిన మూడు వారాలకు, 2023 జూలై 2న, మా అమ్మ మొక్కు తీర్చడానికి సింహాచలం గిరి ప్రదక్షిణకు వెళ్లాను. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను: ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. లక్షల మంది, చాలామంది చెప్పులు లేకుండా. నేను పదివేల రూపాయల షూ వేసుకుని, మజ్జిగ ఇచ్చే ప్రతి పందిరి దగ్గరా ఆగుతూ వెళ్తున్నాను. అరవై ఐదేళ్లు దాటిన ఒకావిడ, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చేతిలో నీళ్ల సీసాతో, నన్ను దాటింది. నేను కాస్త పరుగు తీసి ఆమెను దాటాను. తర్వాతి పందిరి దగ్గర నేను గ్లాసు పట్టుకుని నిలబడి ఉండగా మళ్లీ దాటింది. ఇలా ఐదారుసార్లు జరిగాక గడియారం చూస్తే ఆమె నడక కిలోమీటరుకు పది నిమిషాలు. ఇరవై కిలోమీటర్లు దాటినా అదే పది. ఆమె తాగేది నడుస్తూనే, మాట్లాడేది నడుస్తూనే. చివరిసారి దాటుతూ నావైపు తిరిగి “కాలు నొప్పా బాబూ?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

నాకు నడవడం రాదని ఆ రోజు తెలిసింది. కామ్రేడ్స్‌లో 45 దాటాక నేను నడిచిన నడక కిలోమీటరుకు 13 నిమిషాలు. నీళ్లు, తిండి ఇచ్చే సహాయ కేంద్రాల దగ్గర నిలబడి పోగొట్టుకున్న సమయం అన్నీ కలిపితే 31 నిమిషాలు. మొత్తం ఓపిక పోయాక నడిచే నడక వేరు, మొదటి గంట నుంచే లెక్క ప్రకారం నడిచే నడక వేరు. ఆ తర్వాత ప్రతి మంగళవారం సాయంత్రం గంటసేపు కేవలం నడక పెట్టుకున్నాను. కిలోమీటరుకు తొమ్మిదిన్నర నిమిషాలు వచ్చేదాకా దాన్ని వదల్లేదు. దూరపు పరుగుల్లో మొదటి కిలోమీటరు నుంచే 9 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక. బీచ్ రోడ్డులో నాకంటే కుర్రవాళ్లు జాలిగా చూసేవారు. మొదట్లో సిగ్గుగానే ఉండేది. ఇరవై దాటాక వాళ్లే కనిపించడం మానేశారు.

తిండి దగ్గర నా తప్పు తీపి. 2023లో పరుగుదారులు శక్తి కోసం తినే తీపి జెల్ ప్యాకెట్లు తప్ప వేరే ఏదీ తినలేదు. ఐదో గంటకు ఆ తీపి వాసన తగిలితేనే కడుపు తిరిగింది. పరుగెత్తుతున్నప్పుడు రక్తం ఎక్కువగా కండరాలకు వెళ్తుంది, కడుపుకు తగ్గుతుంది. ఆ స్థితిలో అరిగించుకోవడం కూడా అలవాటు చేయాలి. నేను గంటకు 50 గ్రాముల పిండిపదార్థం లెక్క పెట్టుకుని, ప్రతి ఆదివారం పరుగులో ఇరవై ఐదు నిమిషాలకు ఒకసారి, ఆకలి ఉన్నా లేకపోయినా, ఏదో ఒకటి తిన్నాను. ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంప ముక్కలు, ఖర్జూరాలు, నిమ్మకాయ సైజు పులిహోర ఉండలు. పులిహోర నాకు బ్రహ్మాండంగా పడింది గానీ అక్కడికి తీసుకెళ్లలేం కదా! బంగాళాదుంపలు మాత్రం అక్కడి సహాయ కేంద్రాల్లో దొరుకుతాయి. కాబట్టి మీ పరుగులో ఏమిస్తారో ముందే కనుక్కుని, దాన్నే ఇక్కడ తిని చూడండి. నీళ్లు అక్కడ మన వాటర్ ప్యాకెట్ల లాంటి వాటిలోనే ఇస్తారు, పంటితో మూల కొరికి తాగాలి. ఆ విద్యలో మనల్ని మించిన వాళ్లు లేరు. అయితే దాహం లేకపోయినా లీటర్ల కొద్దీ తాగకండి, రక్తంలో సోడియం పలచబడితే ప్రాణానికే ముప్పు. నొప్పి మాత్రలు వేసుకుని పరుగెత్తే వాళ్లను చూసి మీరూ వేసుకోకండి, చెమటోడ్చి నీరు తగ్గిన శరీరంలో అవి కిడ్నీలను దెబ్బతీయవచ్చు.

ఇక మీరు అడిగిన లెక్క. రెండోసారి నా సగటు వారానికి 65 కిలోమీటర్లు, అత్యధికం 82. ప్రతి నాలుగో వారం సగానికి తగ్గింపు. ఒకే రోజు 60 పరుగెత్తి వారమంతా కుంటడానికి బదులు శనివారం 30, ఆదివారం 22 చేసేవాణ్ని. ఆదివారం ఉదయం ఆ బరువు కాళ్లతో షూ లేసులు కట్టుకోవడమే అసలు పాఠం. ఫిబ్రవరి చివర్లో ఒకే ఒక్కసారి భీమిలి దాకా వెళ్లి వచ్చాను, దాదాపు 50. ఏప్రిల్, మే నెలల విశాఖ ఉక్కలో దూరం పెంచే ప్రయత్నం చేయలేదు. ముంగాలి నొప్పి మళ్లీ రెండుసార్లు తొంగిచూసింది. రెండుసార్లూ వారం ఆగాను. ఆ రెండు వారాలు పోయినందువల్ల ఏమీ పోలేదు.

2025 జూన్ 7న పీటర్‌మారిట్జ్‌బర్గ్ చేరాను. సాయంత్రం ఆ ఊరి రైల్వే స్టేషన్‌కు వెళ్లి కాసేపు నిలబడ్డాను. 1893లో సరిగ్గా అదే తేదీ రాత్రి గాంధీని రైలు నుంచి దించేసిన ప్లాట్‌ఫారం అది. పరుగుకు సంబంధం లేని విషయమే గానీ, రాయకుండా ఉండలేను.

మర్నాడు పరుగు మళ్లీ కిందికే, దూరం 89.98 కిలోమీటర్లు, అంటే 12 గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు సరిగ్గా 8 నిమిషాలు. మొదటి 20 నేను 7 నిమిషాల 15 సెకన్ల చొప్పున వెళ్లాను. పాలీ షార్ట్స్ దిగుతుంటే నన్ను దాటిపోయిన వాళ్లను లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండు వందల దగ్గర మానేశాను. సగం దూరం 5 గంటల 35 నిమిషాలు, రెండో సగం 5 గంటల 56. ఫీల్డ్స్ హిల్ కింద ఆ సిమెంటు గట్టు కనిపించింది, ఎవరో కూర్చుని ఉన్నారు. అక్కడి నుంచి ఇంకా ఇరవై పైన ఉంది, అందులో కౌవీస్ హిల్ ఎక్కడం కూడా ఉంది. ఎక్కింది నడిచే. మొత్తం 11 గంటల 31 నిమిషాలు. పదకొండు నుంచి పన్నెండు గంటల మధ్య వచ్చే వాళ్లకు విక్ క్లాపమ్ పేరుతో రాగి పతకం ఇస్తారు. మన పది రూపాయల బిళ్ల పక్కన పెడితే పెద్ద తేడా ఉండదు. మా ఆవిడ చూసి “ఇంతేనా?” అంది.

బట్టలు మార్చుకోకుండా చివరి గీత దగ్గరే నిలబడ్డాను. పన్నెండు గంటలు నిండగానే ఒకాయన వస్తున్న వాళ్లకు వీపు పెట్టి తుపాకీ పేలుస్తాడు, ఎవరెంత దగ్గరున్నారో చూసి మనసు మారకుండా. గీతకు పది అడుగుల దూరంలో ఒక ముసలాయన ఆగిపోయి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఉండిపోయాడు. అందరం చప్పట్లు కొడుతున్నాం, ఆయన తల ఎత్తలేదు. ఆయన ఎన్ని సహాయ కేంద్రాల దగ్గర నిలబడి నీళ్లు తాగి ఉంటాడా అనే ఆలోచన నాకు వచ్చింది. వచ్చినందుకు సిగ్గేసింది కూడా.

మీ 75 కిలోమీటర్ల పరుగులో ప్రతి 5 కిలోమీటర్లకు పట్టిన సమయం, ఏ గంటలో ఏం తిన్నారో గుర్తున్నంతవరకు కింద రాయండి. 58 దగ్గర ఏమైందన్నది రాయకపోయినా పరవాలేదు, మొదటి పదిహేను మాత్రం తప్పకుండా రాయండి.