సిలిండర్‌కి మంచు పడితే మంట చూపించకండి

అన్నా, అలిపిరి సైట్‌లో మిద్దె మీద వాటర్‌ప్రూఫింగ్ షీట్ అతికిస్తుంటే గ్యాస్ టార్చ్ మంట సగంలో తగ్గిపోతోందని, సిలిండర్ అడుగున మంచు కడుతోందని, మేస్త్రీ దానికి మంట చూపిస్తున్నాడని రాశారు. ముందు అది ఇవాళే ఆపించండి. సిలిండర్ పేలితే మిద్దె మీద పరుగెత్తడానికి కూడా చోటుండదు.

సిలిండర్ పాడవలేదు. లోపలి ద్రవం గ్యాస్‌గా మారేటప్పుడు వేడిని లాక్కుంటుంది. టార్చ్ గబగబా లాగేస్తే ద్రవం చల్లబడి ప్రెషర్ పడిపోతుంది. డిసెంబరు పొద్దున చలికి ఇంకా ఎక్కువ. వాల్వ్ కట్టేసి ఇంకో 19 కిలోల సిలిండర్ తగిలించండి, మొదటిది కాసేపటికి అదే తేరుకుంటుంది. పడుకోబెట్టి మాత్రం వాడనివ్వకండి. చిత్తూరులో మా సైట్‌లో ఒకరు అలా చేస్తే ద్రవమే ట్యూబ్‌లోకి వచ్చి మంట ఒక్కసారిగా మనిషెత్తు లేచింది. ఆ పిల్లోడి కనుబొమలు కాలిపోయాయి, నాకింకా కళ్ల ముందే ఉంది.

సెల్లార్‌లో పనివాళ్లు పట్టా కట్టుకుని గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకుంటున్నారన్నారు కదా, నాకు అసలు టెన్షన్ అదే. గాలి ఆడకపోతే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. హీటర్ తీయించి దుప్పట్లు కొనివ్వండి. సిలిండర్లు కూడా పైనే ఉంచండి. సిలిండర్‌లోని గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే లిఫ్ట్ గుంతలోకి దిగి నిలిచిపోతుంది. రోజూ పని మొదలెట్టే ముందు జాయింట్లకు సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూడమనండి.